సిరానో ద బెర్జెరాక్: ఇంగ్లిష్‌లో ఏ అనువాదం ఎవరికి?

ఫ్రెంచి రాని నాటక ప్రియులకు ‘సిరానో ద బెర్జెరాక్’ దగ్గర ఒక చిక్కు వస్తుంది. ఇంగ్లిష్‌లో చదువుదామని వెతికితే అదే పేరుతో అరడజను పుస్తకాలు కనబడతాయి. ఒకదాంట్లో ప్రాస లేని నిదానమైన పద్యం, ఒకదాంట్లో ప్రాసల గలగల, ఇంకోదాంట్లో గ్లాస్గో వీధి యాస, మరోదాంట్లో మైకు పట్టుకుని చెప్పే ర్యాప్. చూద్దామంటే 1950 నాటి సినిమా మొదలుకొని 2019 నాటి లండన్ ప్రదర్శన దాకా ఉన్నాయి. కథ అన్నిట్లోనూ ఒకటే. చెవికి తగిలే తీరు మాత్రం దేనికదే. మొదట చేతికి దొరికింది తమకు పడనిదైతే నాటకమే బాగాలేదనుకుని వదిలేస్తారేమోనన్న బాధతో ఈ పోలిక రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తొలిసారి పరిచయం చేసుకునేవాళ్ళు ఆంథొనీ బర్జెస్ దగ్గర మొదలుపెట్టాలి. కాలేజీలోనో, ఊరి సంఘంలోనో ఆడదలచుకున్నవాళ్ళకు బ్రయన్ హుకర్ మేలు. తెలుగులోకి తేవాలని ఉన్నవాళ్ళు మాత్రం ఎడ్విన్ మోర్గన్‌ను చూడకుండా కలం పట్టవద్దు. ఎందుకో కింద చెబుతాను.

ముందుగా నాటకం సంగతి

ఎడ్మండ్ రోస్టాండ్ రాసిన ఈ ఐదంకాల నాటకం 1897 డిసెంబరు 28న పారిస్‌లోని పోర్త్ సాఁ మార్తాఁ థియేటర్‌లో మొదలైంది. కోక్లాఁ అనే మహానటుడు సిరానో వేషం కట్టాడు. కథ 1640లో మొదలవుతుంది. సిరానోకు కత్తిలో ఎదురు లేదు, కవిత్వంలోనూ లేదు. కానీ ముక్కు మరీ పెద్దది. ఈ ముఖాన్ని ఏ ఆడది ప్రేమిస్తుందని లోలోపల కుమిలిపోతుంటాడు. బంధువుల అమ్మాయి రొక్సాన్ అంటే అతనికి ప్రాణం. ఆమె మనసు పడింది క్రిస్టియన్ మీద. క్రిస్టియన్ అందగాడే, కానీ ఆడపిల్ల ఎదురుగా నోరు పెగలదు. అతని పేరుతో ఉత్తరాలు రాసేది సిరానో. చీకట్లో బాల్కనీ కింద నిలబడి అతని గొంతుగా మాట్లాడేదీ సిరానోనే. ఆ నిజం రొక్సాన్‌కు తెలిసేసరికి, వాళ్ళిద్దరూ సైనికులుగా పాల్గొన్న అరాస్ కోట ముట్టడి జరిగి పదిహేనేళ్ళు దాటిపోతుంది.

నాటకమంతా అలెగ్జాండ్రైన్ అనే ఛందస్సులో నడుస్తుంది. పాదానికి పన్నెండు అక్షరాలు, జంట పాదాలకు అంత్యప్రాస. ఒక పాదాన్ని ముగ్గురు నలుగురు పాత్రధారులు ముక్కలుగా పంచుకుని పలికే చోట్లు కూడా చాలా ఉన్నాయి. మన పద్యనాటకంలో రాయబారం సీను పద్యాలు ఎత్తేసి తాత్పర్యం మాత్రం చెప్పిస్తే ఎలా ఉంటుందో, ఈ నాటకాన్ని ఒట్టి వచనంలో చదివితే అలా ఉంటుంది. కాబట్టి ఇక్కడ అనువాదం ఎంపిక అంటే నాటకాన్నే ఎంచుకోవడం.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు ప్రాస. ఫ్రెంచిలో ప్రాసపదాలు కుప్పలుగా దొరుకుతాయి, ఇంగ్లిష్‌లో అంత ధారాళంగా దొరకవు. పైగా జంట పాదాల ప్రాసను గంటల తరబడి వింటే ఇంగ్లిష్ చెవికి అది హాస్యపు పాటలా వినిపిస్తుంది. ప్రాస వదిలేస్తే సిరానో మెరుపు తగ్గుతుంది, పట్టుకుంటే చావు సీను కూడా నవ్వులాటగా తేలిపోయే ప్రమాదం ఉంది. ప్రతి అనువాదకుడూ ఈ రెంటి మధ్య తన దారి వెతుక్కున్నవాడే.

దీన్ని తేల్చుకోవడానికి మొదటి అంకంలోని కత్తియుద్ధం మంచి పరీక్ష. సిరానో కత్తి తిప్పుతూనే ఆశువుగా ఒక బాలాడ్ చెబుతాడు. ఎనిమిదేసి పాదాల చరణాలు మూడు, చివర నాలుగు పాదాల ముగింపు. అదే రెండు మూడు ప్రాసలు మొదటినుంచి చివరి దాకా తిరగాలి, ప్రతి చరణం చివర ఒకే పల్లవి రావాలి. ముగింపు దగ్గర పొడుస్తానని ముందే చెప్పి, సరిగ్గా ఆ పాదం మీదే పొడుస్తాడు. పుస్తకం కొనేముందు ఈ రెండు పేజీలు తెరిచి పైకి చదవండి. చెయ్యి తనంతట తాను కత్తి పట్టినట్టు కదిలితే ఆ అనువాదం మీకు పడుతుంది.

రెండోది నటుడి నోరు. ముక్కు మీద ప్రసంగం తీసుకోండి. ఒక పొగరుబోతు ప్రభువు “మీ ముక్కు చాలా పెద్దది” అని ఊరుకుంటాడు. ఇంతేనా, ఇంకా ఎన్ని రకాలుగా అనవచ్చు అని సిరానో వరసగా చూపిస్తాడు. స్నేహంగా అయితే, తాగేటప్పుడు కప్పులో మునుగుతుందేమో, వేరే పాత్ర చేయించుకో అంటాడు. వర్ణనగా అయితే, ఇది బండ, ఇది శిఖరం, ఇది అంతరీపం, అంతరీపమేమిటి ద్వీపకల్పమే అంటాడు. దాదాపు ఇరవై తీరులు. తీరు మారినప్పుడల్లా గొంతు మారాలి, ఊపిరి చాలాలి. వాక్యం బరువుగా ఉంటే ఆరో తీరుకే ప్రేక్షకుడు జారిపోతాడు.

మూడోది వేషం, జనం, ఖర్చు. మూలం ప్రకారం ఆడితే నాటకశాల నిండా ప్రేక్షకులు, మిఠాయి దుకాణం నిండా కవులు, యుద్ధభూమిలో ఫ్రాన్స్ దక్షిణాదిలోని గాస్కనీ ప్రాంతపు సైనికులు, చివర కాన్వెంటులో సన్యాసినులు. అందరికీ 17వ శతాబ్దపు దుస్తులు. చిన్న బృందానికి ఇది తలకు మించిన భారం.

ఇక హక్కులు. చదివేవాళ్ళకు ఇది అక్కర్లేదు. ఆడేవాళ్ళకు మాత్రం మొదట చూసుకోవాల్సింది ఇదే.

| అనువాదం | పేరు తెచ్చిన ప్రదర్శన | పద్యం తీరు | ఎవరికి |
|---|---|---|---|
| థామస్, గిల్మార్డ్ (1898) | ప్రధానంగా పుస్తకంగానే | పాతకాలపు ఇంగ్లిష్ | ఉచితంగా చదవాలనుకునేవాళ్ళకు |
| బ్రయన్ హుకర్ | న్యూయార్క్, 1923 | ప్రాస లేని పద్యం | నిదానంగా చదివేవాళ్ళకు, ఆడేవాళ్ళకు |
| ఆంథొనీ బర్జెస్ | మినియాపొలిస్, 1971. లండన్, 1983 | స్వేచ్ఛగా మారే ప్రాస | కొత్తవాళ్ళకు, చూసేవాళ్ళకు |
| క్రిస్టఫర్ ఫ్రై | చిచెస్టర్, 1975 | జంట పాదాల ప్రాస | మూలం రూపానికి దగ్గరగా చదవాలంటే |
| ఎడ్విన్ మోర్గన్ | స్కాట్లాండ్, 1992 | స్కాట్స్ యాసలో ప్రాస | రచయితలకు, అనువాదకులకు |
| మార్టిన్ క్రింప్ | లండన్, 2019 | ర్యాప్‌కు దగ్గరి ప్రాస | ఈ కాలపు రంగస్థలం ఇష్టపడేవాళ్ళకు |

మొదటి తరం: 1898 నుంచి

పారిస్‌లో మొదలైన ఏడాది తిరగకుండానే నాటకం అట్లాంటిక్ దాటింది. 1898 అక్టోబరులో న్యూయార్క్ గార్డెన్ థియేటర్‌లో రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ దీన్ని ఇంగ్లిష్‌లో ఆడాడు. అనువాదం హోవర్డ్ థేయర్ కింగ్స్‌బరీది. లండన్‌లో అదే ఏడు కోక్లాఁ ఫ్రెంచిలోనే ఆడి చూపించాడు. 1900లో చార్ల్స్ విండమ్ ఇంగ్లిష్‌లో వేశాడు. అదే ఏడాది చివర కోక్లాఁ అమెరికా వెళ్ళినప్పుడు రొక్సాన్‌గా పక్కన నిలబడింది ఫ్రెంచి మహానటి సారా బెర్నార్డ్.

అమెరికాలో దీని కథ ఒకచోట కోర్టుకెక్కింది. చికాగోలో ఇళ్ళ స్థలాల వ్యాపారంలో గడించిన శామ్యూల్ ఎబర్లీ గ్రాస్ తానూ ఒక నాటకం రాసుకున్నాడు. బాల్కనీ సన్నివేశం తన దాంట్లోంచి ఎత్తారని దావా వేశాడు. 1902లో తీర్పు అతని పక్షాన వచ్చింది. నష్టపరిహారంగా అతను పుచ్చుకున్నది ఒక్క డాలరు. రోస్టాండ్‌కు ఇది ఎంత అన్యాయమో నాటకం చదివినవాళ్ళకు తెలుస్తుంది. అతని బాల్కనీలో మాటలు ఒకరివి, ముద్దు ఇంకొకరిది. ఆ నొప్పి ఎక్కడినుంచో ఎత్తుకొస్తే వచ్చేది కాదు.

ఆ తరం అనువాదాల్లో ఈరోజుకీ తేలిగ్గా దొరికేది గ్లాడిస్ థామస్, మేరీ గిల్మార్డ్ కలిసి చేసినది. పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉంచే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం. కథ తెలుసుకోవడానికి చాలు. పైకి చదివితే మాత్రం నాలుక తడబడుతుంది, పాత పదాలు అడుగడుగునా అడ్డం పడతాయి. డబ్బు పెట్టలేనివాళ్ళకు తప్ప ఇంకెవరికీ దీన్ని మొదటి పుస్తకంగా ఇవ్వను.

బ్రయన్ హుకర్: అమెరికా చాలాకాలం విన్న గొంతు

నటుడు వాల్టర్ హాంప్డెన్ కోసం హుకర్ చేసిన అనువాదం 1923 నవంబరులో న్యూయార్క్‌లో తెరెత్తింది. హాంప్డెన్‌కు అది జీవితకాలపు వేషమైపోయింది. 1936 వరకూ మళ్ళీ మళ్ళీ వేస్తూనే వచ్చాడు. తర్వాత ఇదే పాఠంతో హోసే ఫెరర్ 1946లో న్యూయార్క్ పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే మీదకు వచ్చాడు. 1947లో బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులు మొదటిసారి ఇచ్చినప్పుడు ఉత్తమ నటుడి బహుమతి అందుకున్న ఇద్దరిలో అతనొకడు. 1950లో సినిమాగా తీస్తే ఆస్కార్ కూడా అతనికే. మూడు దశాబ్దాల పాటు అమెరికాలో సిరానో అంటే హుకర్ మాటలే.

హుకర్ సంభాషణలకు ప్రాస వదిలేశాడు. షేక్‌స్పియర్ నాటకాల్లో అలవాటైన ప్రాస లేని పద్యం తీసుకున్నాడు. బాలాడ్ లాంటి చోట్ల మాత్రం ప్రాస ఉంచాడు. దీనివల్ల ఒక మేలు జరిగింది: మామూలు మాట ఎక్కడ ఆగి కవిత్వం ఎక్కడ మొదలైందో వినేవాడికి స్పష్టంగా తెలుస్తుంది. చివరి అంకంలో రాలే ఆకుల మధ్య సిరానో మాట్లాడే తీరు హుకర్‌లో ఉన్నంత గంభీరంగా ఇంకెక్కడా లేదని నా నమ్మకం. నష్టం మొదటి అంకంలో కనబడుతుంది. అక్కడ టపాకాయల్లా పేలాల్సిన మాటలు కాస్త నెమ్మదిస్తాయి.

సినిమా గురించి ఒక మాట. నలుపు తెలుపుల్లో, సెట్లు ఇరుకుగా, స్టేజీ వాసన కొడుతూ ఉంటుంది. ఫెరర్ గొంతు కోసం చూడాలి. కళ్ళు మూసుకుని విన్నా నష్టం లేదు.

ఆంథొనీ బర్జెస్: కొత్తవాళ్ళకు సరైన గుమ్మం

నవలాకారుడే కాక సంగీతం కూడా కూర్చినవాడు కావడం బర్జెస్‌కు ఇక్కడ కలిసొచ్చింది. ప్రాస ఉండాల్సిందే, కానీ వరస జంటలుగానే రానక్కర్లేదు అన్నది ఆయన పట్టిన దారి. ఒకచోట జంటగా, ఒకచోట పాదం విడిచి పాదంగా, ఒకచోట సగం ప్రాసగా వాడాడు. చెవి ఎప్పుడూ ఏదో ఎదురుచూస్తుంది, ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. హాస్యం నుంచి దుఃఖానికి మారేటప్పుడు ప్రాసను వదులు చేయడం ఆయన చేతిలో ఉన్న గొప్ప ఉపాయం.

1971లో మినియాపొలిస్‌లోని గథ్రీ థియేటర్‌లో ఇది మొదట ఆడింది. 1973లో బర్జెస్ తానే పాటలు రాసి దీన్ని మ్యూజికల్‌గా మార్చితే, అందులో వేసిన క్రిస్టఫర్ ప్లమర్‌కు టోనీ వచ్చింది. 1983లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ టెర్రీ హ్యాండ్స్ దర్శకత్వంలో లండన్ బార్బికన్‌లో వేసినప్పుడు డెరెక్ జాకోబీ సిరానో, షినేడ్ క్యూసాక్ రొక్సాన్. అది 1984లో బ్రాడ్‌వేకు వెళ్ళింది, టీవీ కోసం రికార్డు కూడా చేశారు. 2007లో కెవిన్ క్లైన్, జెనిఫర్ గార్నర్ బ్రాడ్‌వేలో ఆడిందీ బర్జెస్ పాఠమే. దానికీ టీవీ రికార్డింగు ఉంది.

రెండు రికార్డింగుల్లో ఏది? నేనైతే జాకోబీదే చూడమంటాను. జాకోబీ సిరానోలో ధైర్యం వెనకే భయం నడుస్తుంటుంది. బాల్కనీ కింద మాట్లాడేటప్పుడు తను చెబుతున్నది తన మనసేనని మరచిపోయి, మళ్ళీ గుర్తొచ్చి గొంతు తగ్గించే చోట గుండె పట్టేస్తుంది. క్లైన్ ప్రదర్శన నిండుగా, నెమ్మదిగా ఉంటుంది. ఇంగ్లిష్ వినడం కొత్తయినవాళ్ళకు ఆ నిదానం ఒక సౌకర్యమే.

ఇంతకన్నా మంచి దారి ఇంకొకటుంది. 1990లో జాఁ పాల్ రాప్నో తీసిన ఫ్రెంచి సినిమాలో జెరార్ డెపార్డ్యూ సిరానో. నటులు ఫ్రెంచి పద్యంలోనే మాట్లాడతారు. దానికి ఇంగ్లిష్ సబ్‌టైటిళ్ళు రాసింది బర్జెస్. చెవిలో రోస్టాండ్ లయ, కంటి ముందు బర్జెస్ ప్రాస ఒకేసారి అందుతాయి. కొనేటప్పుడు ఆ సబ్‌టైటిళ్ళున్న ప్రతేనా అని చూసుకోండి.

క్రిస్టఫర్ ఫ్రై, డెరెక్ మాహన్, రంజిత్ బోల్ట్

ఫ్రై తానే పద్యనాటక కవి. 1975 చిచెస్టర్ ఉత్సవానికి ఆయన చేసిన అనువాదంలో కీత్ మిషెల్ నటిస్తే, దర్శకత్వం చేసింది హోసే ఫెరర్. ఒక అనువాదాన్ని పాతికేళ్ళు నోట్లో నానబెట్టుకున్న నటుడు ఇంకొక అనువాదానికి దర్శకుడవడం నాకు ఎంతో నచ్చిన సంగతి. ఫ్రై పాఠం ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్‌లో దొరుకుతుంది. ఇంట్లో కూర్చుని, మూలం రూపం ఎలా ఉండేదో ఊహించుకుంటూ చదివేవాళ్ళకు ఇది మంచి తోడు.

మాహన్ పాఠంతో 2004లో లండన్ నేషనల్ థియేటర్‌లో స్టీఫెన్ రే, బోల్ట్ పాఠంతో 2012లో బ్రాడ్‌వేలో డగ్లస్ హాడ్జ్ ఆడారు. రెండూ చురుగ్గానే ఉంటాయి. మొదటి ఎంపికగా వీటికోసం వెతుక్కుంటూ వెళ్ళనక్కర్లేదు.

ఎడ్విన్ మోర్గన్: యాసలో సిరానో

1992లో కమ్యూనికాడో అనే స్కాటిష్ బృందం కోసం కవి ఎడ్విన్ మోర్గన్ దీన్ని గ్లాస్గో యాసలోకి తెచ్చాడు. జెరీ మల్‌గ్రూ దర్శకుడు, టామ్ మానియన్ సిరానో. 2018లో మళ్ళీ స్కాట్లాండ్‌లోనే డొమినిక్ హిల్ దర్శకత్వంలో బ్రయన్ ఫెర్గూసన్ వేశాడు.

యాస ఎందుకంటే, నాటకంలో సిరానో, అతని దళం గాస్కనీవాళ్ళు. దక్షిణాదినుంచి రాజధానికొచ్చిన పేద సైనికులు, డాంబికం ఎక్కువ, నోటి దురుసు ఎక్కువ, పౌరుషం ఇంకా ఎక్కువ. చరిత్రలోని అసలు సిరానో పారిస్‌లో పుట్టినవాడే. అతన్ని గాస్కనీవాడిగా చేసింది రోస్టాండ్ నాటకం. మిగతా ఇంగ్లిష్ అనువాదాల్లో ఈ పల్లె పౌరుషం మాటల్లో చెప్పబడుతుందే తప్ప వినపడదు. మోర్గన్‌లో ప్రతి పాదంలోనూ వినపడుతుంది.

మనకు ఇది చదవడం కష్టం, దాచను. చాలా పదాలకు నిఘంటువు కావాలి. అందుకే పాఠకుడికి దీన్ని సిఫారసు చేయను. తెలుగులో ఈ నాటకం రాయాలనుకునేవాళ్ళకు మాత్రం ఇదే పాఠ్యపుస్తకం. గాస్కనీ దళం రాయలసీమ యాసలోనో, తెలంగాణ యాసలోనో మాట్లాడితే, ప్రభువులు శిష్టభాష మాట్లాడితే, సగం నాటకం దానంతటదే నిలబడుతుంది.

మార్టిన్ క్రింప్: ముక్కు లేని సిరానో

2019 చివర్లో లండన్ ప్లేహౌస్ థియేటర్‌లో జేమీ లాయిడ్ దర్శకత్వంలో జేమ్స్ మెకవాయ్ సిరానోగా వచ్చాడు. పెట్టుడు ముక్కు లేదు, కత్తులు లేవు, పాతకాలపు దుస్తులు లేవు. ఒట్టి స్టేజీ, కుర్చీలు, మైకులు, బీట్‌బాక్స్. నేషనల్ థియేటర్ లైవ్ ద్వారా 2020 ఫిబ్రవరిలో సినిమా హాళ్ళలో చూపించారు. ఆ ఏడు ఉత్తమ పునఃప్రదర్శనకు లండన్ నాటకాలకిచ్చే ఒలీవియే అవార్డు వచ్చింది. 2022లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోనూ ఆడింది. బోల్ట్ పాఠాన్ని 2012లో బ్రాడ్‌వేలో నడిపిందీ ఇదే దర్శకుడు. అప్పుడు ముక్కు ఉంది, వేషాలున్నాయి. ఏడేళ్ళలో అతను అవన్నీ తీసిపారేసి మాట ఒక్కటే మిగిల్చాడు.

అందగాడైన నటుడు తన వికారపు ముక్కు గురించి మాట్లాడుతుంటే, ఆ వికారం ముఖంలో ఉందా, అతను తన గురించి అనుకునేదాంట్లో ఉందా అన్న ప్రశ్న పుడుతుంది. ఈ లాభం గొప్పది. పోయిందీ తక్కువ కాదు. బూతులు ధారాళంగా ఉన్నాయి, పిల్లలతో కలిసి చూసేది కాదు. కథ ముందు తెలియకపోతే ఎవరు ఎవరో అందుకోవడానికి అరగంట పడుతుంది. రెండోసారికి అద్భుతం, మొదటిసారికి వద్దు.

ఆడదలచుకున్నవాళ్ళకు, తెలుగు చేయదలచుకున్నవాళ్ళకు

రోస్టాండ్ 1918లో చనిపోయాడు కాబట్టి ఫ్రెంచి మూలం మీద ఇప్పుడు ఎవరి హక్కూ లేదు. హుకర్ 1946లో పోయాడు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ళు, అంటే ఇక్కడ ఆయన పాఠం 2007 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. అమెరికాలో 1923 నాటి ప్రచురణలు 2019లో హక్కుల నుంచి బయటపడ్డాయి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో తెలుగు సంఘం పిల్లలు ఇంగ్లిష్‌లో ఆడాలన్నా హుకర్‌తో చిక్కు లేదు. బర్జెస్, ఫ్రై, మోర్గన్, క్రింప్ పాఠాలకు అనుమతి, రుసుము తప్పవు. వాటినుంచి తెలుగు చేయడానికీ అంతే.

జనం తక్కువైతే మొదటి అంకం గుంపును ఆరుగురితో నడపండి, అసలు ప్రేక్షకుల మధ్యనే కూర్చోబెట్టండి. నాలుగో అంకంలో సైనికుల ఆకలి సీనును మాత్రం కోయకండి. ఒక ముసలి సైనికుడు పిల్లనగ్రోవి మీద ఊరి పాట వాయిస్తే, ఆకలితో అలమటించే కుర్రాళ్ళు ఇల్లు తలచుకుని కన్నీళ్ళు పెట్టుకుంటారు. సిరానో కత్తికి, నోటికి పడిపోయిన ప్రేక్షకుడు అతని మనసును చూసేది ఆ చోటే.

తెలుగు చేసేవాళ్ళు ఫ్రెంచి తెలిసిన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని మూలం పైకి చదివించుకోండి. అర్థానికి హుకర్‌ను, యాసకు మోర్గన్‌ను దగ్గర పెట్టుకోండి. బాలాడ్‌కు వృత్తాల జోలికి పోకుండా సీసమో, ఆటవెలదో ఎంచుకుంటే కత్తి తిప్పుతూ పలకడానికి నటుడికి ఊపిరి మిగులుతుంది. మొదట ఆ ఒక్క సన్నివేశం రాసి, చేతికి కర్ర ఇచ్చి నటుడితో పలికించి చూడండి. అది కుదిరాకే రెండో పేజీకి వెళ్ళండి.